లీజు లారీ ఎవరిది?

విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకుని రోడ్డెక్కే లారీల తలుపు మీద "ఓనర్ కమ్ డ్రైవర్" అని రాయించుకోవడం పాత అలవాటు. మా బాబాయి కూడా రాయించుకున్నాడు. ఆ లారీ మీద ఫైనాన్స్ ఉండేది. కిస్తీలు తప్పితే ఫైనాన్స్ మనుషులు రోడ్డు మీదే బండి ఆపి తాళంచెవి లాక్కుంటారన్న భయమూ ఉండేది. అయినా ఆర్‌సీలో ఓనరు పేరు బాబాయిదే. ఫైనాన్స్ కంపెనీ పేరు హైపోథికేషన్ దగ్గర ఉండేది, అంతవరకే. చివరి కిస్తీ కట్టి, ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఫారం 35 పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి ఆ పేరు కొట్టేయించుకున్న రోజు మా ఇంట్లో పాయసం వండారు.

అమెరికాలో ట్రక్కు డ్రైవర్ల ట్యాక్సు లెక్కలు రాయడం మొదలుపెట్టాక ఆ ఆర్‌సీ నాకు చాలాసార్లు గుర్తొచ్చింది. ఇక్కడ సొంత బండి కలగనే డ్రైవరుకు మొదట ఎదురయ్యే మాట లీజ్-పర్చేజ్. సెకండ్ హ్యాండ్ సెమీ ట్రక్కు ఇస్తారు, వారం వారం కొంత కట్టాలి, మూడు నాలుగేళ్లకు బండి సొంతమవుతుందంటారు. కానీ అప్పటిదాకా బండి యాజమాన్య పత్రమైన టైటిల్ మీద డ్రైవరు పేరు ఎక్కడా ఉండదు. ఓనరుగా ఉన్నది బండి ఇచ్చినవాళ్లే. ఖర్చులు మాత్రం మొదటి రోజు నుంచి ఓనరు ఖర్చులే, అన్నీ డ్రైవరు నెత్తిన.

కిందటేడు కరీంనగర్ వైపు కుర్రాడొకడు టెక్సాస్‌లోని ఒక ట్రక్ స్టాప్ నుంచి ఫోన్ చేశాడు. గ్రీన్ కార్డు ఉంది, రెండేళ్లుగా జీతానికి ట్రక్కు నడుపుతున్నాడు. "అన్నా, వారానికి ఆరు వందల యాబై కడితే మూడేండ్లకు బండి నాదైతదట. డౌన్ పేమెంట్ లేదు, క్రెడిట్ గిట్ల ఏం చూడరట. కాగితాలు పంపిన, జెర చూసి చెప్పుండ్రి" అన్నాడు. ఎప్పుడు సంతకం పెట్టాలి తమ్ముడూ అని అడిగితే "రేపే అన్నా, లేకుంటే బండి ఇంకొకరికి పోతదట" అన్నాడు. ఆ రాత్రి కాగితాలు చదివాను. ఈ వ్యాసంలోని లెక్కల్లో కొన్ని అప్పుడు వేసినవే.

ముందు రకాలు చెప్పుకుందాం, ఎందుకంటే లీజ్-పర్చేజ్ అన్న ఒక్క పేరు కింద వేరువేరు బేరాలు తిరుగుతున్నాయి. ఒకటి, సరుకు రవాణా చేసే కంపెనీయే తన పాత బండినో, తన అనుబంధ లీజింగ్ సంస్థ బండినో డ్రైవరుకు ఇచ్చి, తన లోడ్లే వేయించుకోవడం. రెండు, లోడ్లతో సంబంధం లేని లీజింగ్ సంస్థ గానీ డీలరు గానీ బండి ఇచ్చి, ఏ కంపెనీకైనా నడుపుకో, నా కిస్తీ నాకు కట్టు అనడం. ట్రాక్ లీజు అని మరొకటి ఉంది. దానిలో చివరన బండికి ఎంత విలువ మిగలాలో ముందే రాస్తారు, అమ్మినప్పుడు అంతకంటే తక్కువ వస్తే లోటు లీజు తీసుకున్నవాడు భరించాలి. ఇవి కాక మామూలు అప్పు. టైటిల్ మన పేరు మీదే ఉంటుంది, దాని మీద బ్యాంకు లీన్ ఉంటుంది. మన హైపోథికేషన్‌కు దగ్గరిది ఇదే. తెలిసిన మనిషి దగ్గర నోటిమాట మీద కిస్తీలకు కొనేవాళ్లూ ఉన్నారు. దాని గురించి చెప్పేది ఒక్కటే, కాగితం లేకుండా వద్దు.

కుర్రాడి కాగితాల్లో ఉన్నది మొదటి రకం. వారానికి 650 డాలర్ల చొప్పున 156 వారాలంటే 1,01,400. చివర్లో బెలూన్ పేరుతో 8,000. మొత్తం 1,09,400 డాలర్లు. అదే ఏడాది మోడల్, అన్నే మైళ్లు తిరిగిన బండి డీలరు దగ్గర 55,000 డాలర్లకు దొరుకుతోంది. 11,000 చేతి నుంచి పెట్టి, మిగిలిన 44,000 ఏడాదికి 15 శాతం వడ్డీకి మూడేళ్ల అప్పు తీసుకుంటే నెలకు సుమారు 1,525 పడుతుంది. అన్నీ కలిపి 66,000 లోపు. లీజు కాగితంలో వడ్డీ రేటు అన్న మాట ఎక్కడా లేదు, దాన్ని అద్దె అన్నారు గనుక. కానీ లెక్క కడితే మన ఊళ్ల భాషలో చెప్పాలంటే నూటికి నెలకు నాలుగు రూపాయల వడ్డీ తేలింది. 15 శాతం అప్పు రూపాయి పావలా వడ్డీ. ఏ రైతు దగ్గరికైనా వెళ్లి ఈ రెండు అంకెలూ చెప్పండి, ఏది తీసుకోవాలో కాగితం చదవకుండానే చెప్తాడు. "డౌన్ పేమెంట్ లేదు" అన్న మాట ఖరీదు ఆ 43,000 డాలర్ల తేడా.

అయితే ఎక్కువ ధర ఒక్కటే అయితే నేనింత రాయను. క్రెడిట్ లేనివాడికి అప్పు ఎక్కడైనా ప్రియమే. అసలు సంగతి వారం చివర వచ్చే సెటిల్‌మెంట్ కాగితంలో కనిపిస్తుంది. నా దగ్గర లెక్కలు రాయించుకునే మరో డ్రైవరుది ఒక మంచి వారం చూపిస్తాను, అంకెలు గుండ్రం చేశాను. 2,400 మైళ్లు తిరిగాడు, మైలుకు 1.75 చొప్పున 4,200 డాలర్లు. అందులోంచి డీజిల్ 1,385. బండి కిస్తీ 650. రిపేర్ల నిధి మైలుకు 12 సెంట్ల చొప్పున 288. ఇన్సూరెన్సులు 160. ట్రైలర్ అద్దె 150. లాగ్ పరికరం, ప్లేట్లు 60. టోల్ 50. డిపాజిట్ కింద పట్టుకున్నది 50. చేతికి 1,407. అందులోంచి సొంత వ్యాపారిగా 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను, ఆపైన ఆదాయపు పన్ను తనే కట్టుకోవాలి. అదే వారం అన్నే మైళ్లు కంపెనీ బండి మీద మైలుకు 60 సెంట్ల జీతానికి నడిపి ఉంటే 1,440 వచ్చేది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లలో సగం కంపెనీయే కట్టేది, డీజిల్ పెరిగినా టైరు పేలినా అతనికి సంబంధం ఉండేది కాదు.

ఇది మంచి వారం. ఆ నెలలోనే మరో వారం ఒక గిడ్డంగి దగ్గర లోడు కోసం ఒకటిన్నర రోజు ఆగాడు, ఇంకో రోజు బండి షెడ్డులో ఉంది. 1,300 మైళ్లే తిరిగాడు. 2,275 వచ్చింది. డీజిల్ 750కి, రిపేర్ల నిధి 156కి తగ్గాయి. కిస్తీ తగ్గలేదు, ఇన్సూరెన్సు తగ్గలేదు, ట్రైలర్ అద్దె తగ్గలేదు. చేతికొచ్చింది 249 డాలర్లు. ఇంటికి దూరంగా, బండిలోనే పడుకుని ఏడు రోజులు గడిపినందుకు. ఆ పైవారం రిపేరు బిల్లు నిధిలో ఉన్నదానికంటే ఎక్కువైతే, తేడా వచ్చే వారం సెటిల్‌మెంట్‌లో మైనస్‌గా మొదలవుతుంది. కొత్త వారం మొదలు కాకముందే అప్పు.

ఇక్కడే అసలు ప్రశ్న. ఆ వారం 2,400 మైళ్లా, 1,300 మైళ్లా అన్నది ఎవరు తేల్చారు? లోడ్లు వేసే డిస్పాచరు. డిస్పాచరు ఎవరి మనిషి? బండి ఇచ్చిన కంపెనీ మనిషి. కిస్తీ తప్పితే బండి వెనక్కి తీసుకునేది ఎవరు? అదే కంపెనీ. తీసుకున్న బండిని మళ్లీ 156 వారాలకు ఇంకో డ్రైవరుకు ఇవ్వొచ్చు. కంపెనీలన్నీ కావాలనే లోడ్లు తగ్గిస్తాయని నేననను. కానీ డ్రైవరు మధ్యలో వదిలేసినా కంపెనీకి నష్టం లేని బేరం అది. చివరి దాకా నిలిచి బండి సొంతం చేసుకోవడం వాళ్ల అవసరం కాదు. మా బాబాయి ఫైనాన్స్ కంపెనీ వడ్డీ పిండింది నిజమే. అయినా లోడ్లు ఇచ్చేది వేరే వాళ్లు. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కిరాయి గిట్టకపోతే పక్క ఆఫీసుకు వెళ్లేవాడు. లీజు డ్రైవరుకు ఆ దారి కాగితంలోనే మూసేస్తారు. బండి లీజు, లోడ్ల ఒప్పందం రెండు కాగితాలుగా ఉంటాయి. రెండోది రద్దయితే మొదటిదీ రద్దవుతుందనీ, మిగిలిన కిస్తీలన్నీ ఒకేసారి బాకీ పడతాయనీ ఎక్కడో పదిహేనో పేజీలో ఉంటుంది. రద్దు చేసే హక్కు కంపెనీకి ఎప్పుడూ ఉంటుంది.

చట్టం భాషలో ఇంకో విడ్డూరం ఉంది. ఫెడరల్ నిబంధనల్లో 376వ భాగం, ట్రూత్-ఇన్-లీజింగ్ అంటారు, 1979లో ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ కాలంలో వచ్చినవి. వాటి ప్రకారం బండినీ తననూ కంపెనీకి లీజుకిచ్చేవాడు డ్రైవరే. అంటే కంపెనీ బండిని డ్రైవరుకు లీజుకిస్తుంది, డ్రైవరు అదే బండిని అదే రోజు తిరిగి కంపెనీకి లీజుకిస్తాడు. బండి మాత్రం నిలబెట్టిన చోటి నుంచి కదలదు. ఈ రెండు సంతకాల మధ్య జరిగే మార్పు ఒక్కటే, ఖర్చులు కంపెనీ పుస్తకంలోంచి డ్రైవరు పుస్తకంలోకి వస్తాయి.

ఇది ఇలా ఎందుకు తయారైందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1980లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన మోటార్ క్యారియర్ చట్టం రవాణా రేట్ల మీద, కొత్త కంపెనీల మీద ఉన్న ఆంక్షలు సడలించింది. పోటీ పెరిగింది, రేట్లు పడ్డాయి, డ్రైవర్ల జీతాలూ వాటితోపాటు పడ్డాయి. బండి మీద పెట్టుబడి, డీజిల్, లోడు లేని రోజుల నష్టం ఎవరి మీద వెయ్యాలన్నది కంపెనీలకు సమస్యయింది. స్వయంగా ట్రక్కు నడిపి చూసిన సోషియాలజిస్టు స్టీవ్ విసెల్లీ 2016లో తెచ్చిన 'ది బిగ్ రిగ్' ఈ భారం డ్రైవర్ల మీదికి ఎలా జరిగిందో వివరంగా చెప్తుంది. ఈ రంగంలోకి దిగాలనుకునే ఎవరైనా చదవాల్సిన పుస్తకం.

దక్షిణ కాలిఫోర్నియా రేవుల్లో జరిగింది దీనికి పెద్ద ఉదాహరణ. 2008 అక్టోబరులో లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ రేవులు గాలి కాలుష్యం తగ్గించడానికి పాత ట్రక్కుల్ని దశలవారీగా నిషేధించడం మొదలుపెట్టాయి. ఉద్దేశం మంచిదే. కానీ అప్పటిదాకా పాత బండి సొంతంగా నడుపుకుంటున్న డ్రైవర్లకు కొత్త బండి కొనే తాహతు లేదు. వాళ్లలో చాలామంది మధ్య అమెరికా దేశాల నుంచి వలసొచ్చినవాళ్లు. కంపెనీలు బండ్లు కొని వాళ్లకు లీజుకిచ్చాయి. చదవలేని ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు చేయించాయి. 2017లో యూఎస్ఏ టుడే పత్రిక ఈ వ్యవహారాన్ని బయటపెట్టింది. కోతలన్నీ పోగా ఒక డ్రైవరుకు ఒక వారం చేతికొచ్చింది 67 సెంట్లు. ఏళ్ల తరబడి కిస్తీలు కట్టి, జబ్బు పడో ఎదురు తిరిగో బండి పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా చట్టం చేసింది. డ్రైవర్లకు బాకీ పడి తీర్పులు చెల్లించని రేవు రవాణా కంపెనీలతో పని చేయించుకుంటే సరుకు యజమానులకూ బాధ్యత ఉంటుందని.

కోర్టులకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. లీజు బండి నడిపిన డొమినిక్ ఒలివేరా అనే డ్రైవరు న్యూ ప్రైమ్ కంపెనీ మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2019 జనవరిలో తీర్పిచ్చిన ఎనిమిది మంది న్యాయమూర్తులూ డ్రైవరు పక్షమే నిలిచారు. రాష్ట్రాల మధ్య సరుకు తోలే డ్రైవర్లను, వాళ్లను కాంట్రాక్టర్లని రాసుకున్నా సరే, ఫెడరల్ మధ్యవర్తిత్వ చట్టం పేరుతో కోర్టుకు రాకుండా ఆపలేరన్నారు. ఆ తర్వాత కేసు 2.8 కోట్ల డాలర్లకు రాజీ అయింది. 2009లో స్విఫ్ట్ కంపెనీ మీద లీజు డ్రైవర్లు వేసిన దావా పదేళ్లు నడిచి 10 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. పెద్ద అంకెలే. కానీ దాదాపు ఇరవై వేల మంది పంచుకునే సొమ్ములో ఒక్కొక్కరికి దక్కేదెంతో, దానికి పదేళ్లెందుకో కూడా ఆలోచించాలి. కోర్టును నమ్ముకుని సంతకం పెట్టేవాళ్లకు నేను చెప్పేది అదే.

ప్రభుత్వం కూడా ఈ లీజుల సంగతి తేల్చమని మనుషుల్ని పెట్టింది. 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టం కింద ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ ఏర్పడింది. 2023 జులైలో సమావేశాలు మొదలయ్యాయి, డ్రైవర్ల గోడు విన్నారు, ఒప్పందాలు చదివారు. 2025 జనవరిలో ఇచ్చిన నివేదిక సవరణలతో సరిపెట్టలేదు. ఇలాంటి లీజ్-పర్చేజ్ ఒప్పందాలను కాంగ్రెస్ నిషేధించాలని సిఫార్సు చేసింది. సిఫార్సు చట్టం కాదు. అది వచ్చేదాకా కాపలా ఎవరికి వారే.

అవతలి పక్షం వాదన కూడా వినాలి. బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వని మనిషికి, క్రెడిట్ చరిత్ర లేని వలసవచ్చిన మనిషికి ఇంకే దారి ఉందంటారు. అబద్ధం కాదు. రేట్లు బాగా ఉన్న 2020, 2021 సంవత్సరాల్లో లీజు పూర్తి చేసి బండి సొంతం చేసుకున్నవాళ్లు నాకు తెలుసు, ఇద్దరి లెక్కలు నేనే రాశాను. ఇద్దరూ పదేళ్ల అనుభవం ఉన్న డ్రైవర్లు, ఇద్దరూ లోడ్లతో సంబంధం లేని సంస్థ దగ్గర బండి తీసుకున్నారు. ఒకతను మధ్యలో కంపెనీ మారాడు కూడా, బండితో సహా. కాబట్టి రెండో రకం లీజును మొదటిదానితో ఒకే గాటన కట్టను. ఖరీదైనదే అయినా అది బేరం. మొదటిదాన్ని బేరం అనడానికి నాకు మనసొప్పదు.

కాలం కూడా చూసుకోవాలి. 2022 మొదట్లో కిరాయిలు ఆకాశంలో ఉన్నప్పుడు, పాత బండ్ల ధరలూ ఆకాశంలో ఉన్నప్పుడు లీజుల్లోకి దూకినవాళ్లు ఎక్కువ చితికిపోయారు. ఆ జూన్‌లో డీజిల్ దేశ సగటు గ్యాలను 5.80 డాలర్లకు చేరింది. ఆ తర్వాత కిరాయిలు పడ్డాయి, బండి విలువ పడింది. కిస్తీ మాత్రం పాత ధర మీద వేసినదే. కంపెనీ ఎంత గట్టిదో కూడా చూసుకోవాలి. 2019 డిసెంబరులో సెలాడాన్ అనే పెద్ద కంపెనీ దివాలా తీసినప్పుడు వేల మంది డ్రైవర్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. బండి, లోడు, డిపాజిట్ మూడూ ఒకే గూట్లో పెట్టుకున్న డ్రైవరుకు అలాంటి రోజు మూడూ ఒకేసారి పోతాయి.

ఇక బండి. ఆరు లక్షల మైళ్లు తిరిగిన సెమీని కంపెనీ ఎందుకు వదిలించుకుంటోందో ఆలోచించండి. వారంటీ అయిపోయింది, రిపేర్లు మొదలయ్యే వయసు. 2007 తర్వాతి ఇంజన్లకు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు, 2010 తర్వాతివాటికి యూరియా ద్రవంతో పనిచేసే వ్యవస్థ ఉన్నాయి. వాటిలో ఒక సెన్సరు చెడినా కంప్యూటరు బండి బలాన్ని తగ్గించేస్తుంది. ఫిల్టరు మార్పించాలంటే వేల డాలర్లు, ఇంజన్ ఓవర్‌హాల్ అయితే ఇరవై వేల పైమాటే. మైలుకు 12 సెంట్ల నిధి ఏడాదంతా పోగుచేసినా దాన్ని తట్టుకోలేదు. అందుకే బయటి మెకానిక్‌కు చూపించాలి. ఇంజన్ కంప్యూటరు రిపోర్టు తీయించాలి, అందులో బండి నిలబడి ఇంజన్ తిరిగిన గంటలు చూడాలి. ఆయిల్ శాంపిల్ ల్యాబుకు పంపాలి. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీసి పొగ ఎంత జోరుగా వస్తోందో చూడమని మా బాబాయి చెప్పేవాడు, ఇక్కడి మెకానిక్‌లూ అదే పని మీటరుతో చేస్తారు. కాలిఫోర్నియా వైపు లోడ్లు తోలేవాళ్లు 2010కి ముందటి ఇంజన్ జోలికి పోకూడదు, 2023 నుంచి అక్కడ వాటిని దాదాపు తిరగనివ్వరు. బయటి మెకానిక్‌ను రానివ్వం అని కంపెనీ అంటే ఆ బండి గురించి ఇక తెలుసుకోవాల్సింది లేదు.

చట్టం ఇచ్చిన హక్కులు కొన్ని ఉన్నాయి, చాలామందికి తెలియవు. డెలివరీ కాగితాలు ఇచ్చాక 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఏ కోత ఎలా లెక్కవేస్తారో ఒప్పందంలో ఉండాలి. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్సు తమ దగ్గరే కొనాలని షరతు పెట్టకూడదు. పట్టుకున్న డిపాజిట్ మీద వడ్డీ ఇవ్వాలి, ఒప్పందం ముగిసిన 45 రోజుల్లో మిగిలింది తిరిగివ్వాలి. కిరాయిలో శాతం లెక్కన డబ్బిచ్చే కంపెనీ అసలు బిల్లు కాపీ చూపించాలి. అడగండి. మిస్సోరీలోని గ్రెయిన్ వ్యాలీలో 1973 నుంచి నడుస్తున్న సొంత బండి డ్రైవర్ల సంఘం ఊయిడా సభ్యులకు ఈ విషయాల్లో సాయం చేస్తుంది.

నా మాట ఇది. లోడ్లు వేసే కంపెనీ దగ్గరే బండి లీజుకు తీసుకోవద్దు, ఎంత తీపిగా చెప్పినా. ఏడాదో ఏడాదిన్నరో జీతానికే నడపండి. 15,000 డాలర్లు పక్కన పడితే పది పదకొండు వేలు డౌన్ పేమెంటుకు, మిగిలింది మొదటి రిపేరుకు. చిన్న క్రెడిట్ కార్డుతో, వేళకు కట్టిన బిల్లులతో క్రెడిట్ పెరుగుతుంది. అప్పుడు టైటిల్ మీ పేరు మీద రాసే అప్పే తీసుకోండి, వడ్డీ కాస్త ఎక్కువైనా. అప్పు పుట్టకపోతే లోడ్లతో సంబంధం లేని సంస్థ లీజు, అదీ బండితో సహా ఎక్కడికైనా వెళ్లే స్వేచ్ఛ రాసి ఉంటేనే. సొంత అథారిటీ, అంటే సొంత రవాణా అనుమతి, మీద తిరగాలనుకునేవాళ్లు ఇంకో అంకె గుర్తుపెట్టుకోవాలి. 2024లో డ్రైవరు జీతంతో సహా కంపెనీలకు మైలుకు పడిన ఖర్చు సగటున 2.26 డాలర్లని అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లెక్క.

కరీంనగర్ కుర్రాడు మర్నాడు సంతకం పెట్టలేదు. కంపెనీ వాళ్లను రెండు అడగమన్నాను: టైటిల్ కాపీ పంపండి, నేను కంపెనీ మారితే బండి నాతో వస్తుందని రాసివ్వండి అని. టైటిల్ కాపీ రాలేదు. ఇంకొకరికి పోతుందన్న బండి మూడు వారాల తర్వాత కూడా అక్కడే ఉందని వాళ్లే మళ్లీ ఫోన్ చేశారు. మీ చేతికి అలాంటి కాగితం వస్తే ఆ రెండూ మీరూ అడగండి. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.